ట్యాబ్ ఇప్పుడే కొనాలా, మార్చి దాకా ఆగాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మాయి కాకినాడలో బీటెక్ రెండో ఏడాది చదువుతూ హాస్టల్లో ఉంటోంది. నోట్స్ రాసుకోవడానికి, పీడీఎఫ్‌లు చదవడానికి ట్యాబ్ కావాలంటోంది. పెన్నుతో కలిపి 30 వేల దగ్గర తేలిపోవాలి. ఆఫీసులో ఒకాయన "మార్చిలో కొత్త ఐప్యాడ్ వస్తుందట, ఆగండి" అంటున్నారు. ఇంకొకాయన "మెమరీ రేట్లు పెరుగుతున్నాయి, ఇవాళే కొనెయ్యండి" అంటున్నారు. ఇప్పుడు 2026 జనవరి మొదటి వారంలో ఉన్నాం. ఎవరి మాట వినాలి?

నన్నడిగితే ఇద్దరి మాటా వద్దు. సంక్రాంతి వెళ్లేదాకా ఆగండి, ఆ తర్వాత మాత్రం ఆగకండి. రిపబ్లిక్ డే సేల్ ఏటా పండగ అటూ ఇటూగా మొదలవుతుంది. అందులో కొనెయ్యండి. నేను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు అమ్మే, రిపేరు చేసే షాపులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న అడగని కస్టమర్ అరుదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, మిగతావాళ్లకు కూడా పనికొస్తుంది.

మొదట ఆ మార్చి సంగతి. కొత్త మోడల్ ఎప్పుడు వస్తుందో కంపెనీ చెప్పేదాకా ఎవరికీ ఖాయంగా తెలియదు. ఉదాహరణకు ఎయిర్, ప్రో, మినీ కాని మామూలు ఐప్యాడ్‌నే చూడండి. 2019, 2020, 2021 మూడేళ్లూ సెప్టెంబర్‌లోనే ప్రకటించారు. 2022లో అక్టోబర్‌లో పదో తరం వచ్చింది. దాంతో 2023 దసరాకి పదకొండోది వస్తుందని అందరూ లెక్క కట్టారు. రాలేదు. అసలు 2023 మొత్తంలో ఏ రకం ఐప్యాడూ రాలేదు, 2010లో మొదటి ఐప్యాడ్ వచ్చిన దగ్గర్నుంచి అలాంటి ఏడాది అదే మొదటిది. 2024లో ఎయిర్, ప్రో, మినీ మూడూ కొత్తవి వచ్చాయి కానీ మామూలుది రాలేదు. చివరికి 2025 మార్చిలో వచ్చింది. "ఈ దసరాకి వచ్చేస్తుందిలే" అని 2023లో ఆగినవాళ్ల డిగ్రీలో దాదాపు సగం ఆ ఆగడంలోనే గడిచిపోయింది.

ఇంకో తమాషా ఏమిటంటే, ఆ మధ్యలో మామూలు ఐప్యాడ్‌లో కొత్తది రాకుండానే పాతదాని ధర పడిపోయింది. పదో తరం ఐప్యాడ్ మన దేశంలో 44,900కి మొదలైంది. 2024 మేలో కంపెనీయే దాన్ని 34,900 చేసింది. అంటే కొత్తది వస్తేనే పాతది తగ్గుతుందన్న లెక్క కూడా ప్రతిసారీ నిజం కాదు.

అలాగని ఆగడం ఎప్పుడూ దండగే అనను. 2025 ఫిబ్రవరిలో ఆ పదో తరాన్ని 34,900 పెట్టి 64 జీబీతో కొన్నవాళ్లున్నారు. నెల తిరక్కుండానే అదే 34,900కి 128 జీబీతో, ఏ16 చిప్‌తో కొత్తది వచ్చేసింది. వాళ్లకు కడుపు మండడంలో న్యాయం ఉంది. కాకపోతే అప్పటికి ఆ మోడల్ వచ్చి రెండేళ్లు దాటింది, 64 జీబీ అప్పటికే చాలడం లేదు. ముసలి మోడల్‌ని డిస్కౌంట్ లేకుండా కంపెనీ రేటుకి కొనడమే అక్కడ దెబ్బ కొట్టింది. నేను నా కస్టమర్లకు చెప్పేది ఒకటే. మోడల్ వచ్చి రెండేళ్లు దాటితే పూర్తి రేటు ఇవ్వొద్దు. బాగా తగ్గిస్తే తీసుకోండి, తగ్గించకపోతే వదిలెయ్యండి. తర్వాత ఏం వస్తుందో ఊహించాల్సిన పనే ఉండదు.

ఇక రెండో ఆయన మాట. వార్త చూసి ఆదరాబాదరా కొన్నవాళ్లనీ చూశాను, వార్త చూసి కొనడం ఆపేసినవాళ్లనీ చూశాను. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌ల దిగుమతికి లైసెన్స్ ఉండాలని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సాయంత్రం నుంచే ఫోన్లు. "స్టాక్ అయిపోతుందట కదా, ఒకటి పక్కన పెట్టండి" అని. మర్నాడే ఆ నిబంధనను అక్టోబర్ చివరికి వాయిదా వేశారు, ఆ తర్వాత దాని స్థానంలో ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకునే పద్ధతి పెట్టారు. కొరత ఏమీ రాలేదు. 2025లో దీనికి సరిగ్గా రివర్స్ జరిగింది. ఆగస్టు 15న జీఎస్టీ తగ్గిస్తామని ప్రకటన రాగానే కొనుగోళ్లు ఆగిపోయాయి. సెప్టెంబర్ 22న కొత్త రేట్లు వచ్చాక చూస్తే ఏసీలకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు 28 నుంచి 18కి తగ్గింది. ట్యాబ్‌లకు, ల్యాప్‌టాప్‌లకు, ఫోన్లకు అంతకుముందూ 18 శాతమే, ఆ తర్వాతా 18 శాతమే. నెల రోజులు ఆగినవాళ్లకు పన్నులో ఒక్క రూపాయి కూడా మిగల్లేదు.

అయితే ఈ మెమరీ వార్త వాటిలాంటిది కాదు, ఇందులో పస ఉంది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లు పెద్ద ఎత్తున చేసే కంపెనీలు ప్రధానంగా మూడే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన ఖరీదైన మెమరీకి గిరాకీ విపరీతంగా పెరగడంతో మూడూ అటు మళ్లాయి. ఫోన్లకు, ట్యాబ్‌లకు, ల్యాప్‌టాప్‌లకు వెళ్లే మామూలు మెమరీ తగ్గి, 2025 రెండో సగం నుంచి రేట్లు ఎగబాకాయి. డిసెంబర్‌లో మైక్రాన్ అయితే మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. మా షాపులో ల్యాప్‌టాప్‌కి ర్యామ్ వేయించుకుందామని వచ్చినవాళ్లు రేటు విని వెనక్కి వెళ్లిపోతున్నారు.

ట్యాబ్‌లో ర్యామ్ ఉంటుంది, స్టోరేజీ ఉంటుంది, రెండూ మెమరీ చిప్‌లే. ఖరీదైన ట్యాబ్‌లో వాటి వాటా చిన్నది కాబట్టి కంపెనీ కొంత భరించగలదు. 15 వేలు, 25 వేల ట్యాబ్‌లలో లాభమే సన్నగా ఉంటుంది, అక్కడ భరించే శక్తి తక్కువ. అయినా నేరుగా రేటు పెంచుతారనే అనుకోవద్దు. బ్యాంక్ ఆఫర్ తగ్గుతుంది, కొత్త మోడల్‌లో 8 జీబీ ర్యామ్ ఇవ్వాల్సిన చోట 6 దగ్గరే ఆగుతారు, లేదా డబ్బాలోంచి ఏదో ఒకటి తీసేస్తారు. ఎలక్ట్రానిక్స్‌లో ఎంత ఆగితే అంత చవక అని మనకు ఇన్నేళ్లుగా అలవాటైపోయింది. ఈ ఏడాదికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దంటాను. దసరా దాకా ఆగితే ఇప్పటికంటే తగ్గుతుందని నేను హామీ ఇవ్వలేను. అందుకే నెలల తరబడి ఆగొద్దంటున్నాను. రెండు వారాలు ఆగితే పోయేదేమీ లేదు, సేల్ కళ్ల ముందే ఉంది.

రేట్ల సంగతి పక్కన పెట్టండి. మీకు ఇంకో గడియారం నడుస్తోంది, అమ్మాయి సెమిస్టర్. ఇప్పుడు కొంటే ఈ సెమిస్టర్ నోట్స్ మొత్తం అందులో ఉంటాయి. మార్చిలో కొత్త మోడల్ ప్రకటించి, అది షాపుకొచ్చి, పెన్ను, కేసు దొరికి, చేతికి అలవాటయ్యేసరికి పరీక్షలు నెత్తి మీదుంటాయి. పైగా కొత్త మోడల్ వచ్చిన మొదటి రెండు మూడు నెలలు డిస్కౌంట్ పెద్దగా ఉండదు. అంటే మీరు ఆగేది ఎక్కువ రేటు పెట్టడానికే.

ఇక్కడ మిమ్మల్ని నేనొక ప్రశ్న అడగాలి. అమ్మాయిది ఏ బ్రాంచి? సివిల్, మెకానికల్, ఈసీఈ, ట్రిపుల్‌ఈ అయితే డెరివేషన్లు, సర్క్యూట్లు, బొమ్మలు ఎక్కువ. పెన్నున్న ట్యాబ్ నిజంగా పనికొస్తుంది. సీఎస్‌ఈ అయి, ఉన్న ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంటే ఆ 30 వేలు ముందు ల్యాప్‌టాప్ మీద పెట్టండి. ట్యాబ్ మీద కోడ్ రాయడం ప్రకటనల్లో చూడ్డానికి బాగుంటుంది కానీ రోజూ చేసే పని కాదు. ఇంకోటి, కాలేజీలో క్లాసు జరుగుతుండగా ట్యాబ్ తెరవనిస్తారా? మన దగ్గర చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫోన్ బయటికి తీస్తేనే గొడవ. ట్యాబ్‌ని కూడా అదే లెక్కలో చూస్తే అది హాస్టల్ రూముకే పరిమితం. అలాగైనా పనికిరాదని కాదు, కానీ కొనకముందే తెలుసుకోవాలి. ఒక్క ఫోన్ కాల్ పని.

సైజు విషయంలో రాజీ పడొద్దు. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన శాంసంగ్ ట్యాబ్‌లు మీ చుట్టాల్లో ఎవరింట్లోనైనా ఉండే ఉంటాయి, ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అవి 8.7 అంగుళాలవి. వీడియో పాఠాలకు సరిపోతాయి. అందులో ఏ4 సైజు పుస్తకం పీడీఎఫ్ తెరిస్తే ప్రతి పేజీనీ వేళ్లతో పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చదవాలి. ఇంజనీరింగ్ పుస్తకాలకు 10.5 నుంచి 11 అంగుళాలు ఉండాల్సిందే. 12, 13 అంగుళాలవి ఇంకా హాయిగా ఉంటాయి గానీ బరువు, ధర రెండూ మీ లెక్క దాటతాయి.

ఇక డబ్బు దగ్గరికొద్దాం. మీలాంటి బడ్జెట్ తారుమారయ్యేది ట్యాబ్ దగ్గర కాదు, పెన్ను దగ్గర. మామూలు ఐప్యాడ్ 34,900. దానికి యాపిల్ వాళ్ల పెన్సిళ్లలో చవకైన యూఎస్‌బీ సీ రకం 7,900, పైగా దానికి ఒత్తిడి గుర్తించే గుణం లేదు. గట్టిగా నొక్కినా, మెల్లగా రాసినా గీత ఒకే లావు. నోట్స్‌కి అది పెద్ద లోపం కాదు, బొమ్మలు వేసేవాళ్లకే లోపం. రెండూ కలిపి 42,800. కేసు, గ్లాసు వేసేసరికి ఇంకో రెండు వేలు. సేల్‌లో కొంత తగ్గినా 30కి దిగదు. షావోమీ ప్యాడ్ 7 సంగతీ అంతే. 2025 జనవరిలో 27,999కి వచ్చింది, స్క్రీన్ అద్భుతం, వేగం బ్రహ్మాండం. పెన్ను విడిగా 5,999. రెండూ కలిపితే 34 వేలు.

పెన్ను డబ్బాలోనే ఇచ్చేవి చూస్తే శాంసంగ్‌లో ట్యాబ్ ఎస్9 ఎఫ్‌ఈ, ట్యాబ్ ఎస్10 లైట్ ఉన్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే "కొత్త మోడల్" అనే మాటలో ఎంత సరుకుందో తెలుస్తుంది. ఎస్9 ఎఫ్‌ఈ 2023 అక్టోబర్‌లో వచ్చింది, అప్పుడు 36,999. ఎస్10 లైట్ 2025 సెప్టెంబర్‌లో మన మార్కెట్‌కి వచ్చింది, 30 వేల చుట్టుపక్కల. రెంటిలో చిప్ ఎక్సినోస్ 1380. అవును, రెండేళ్ల తేడాతో వచ్చినా లోపల అదే చిప్. స్క్రీన్ రెంటికీ 10.9 అంగుళాలు, ర్యామ్ మొదలయ్యేది 6 జీబీతో. వేగంలో మీ అమ్మాయికి తేడా తెలియదు. పైగా పాతదానికి ఐపీ 68 రక్షణ ఉంది, అంటే నీళ్లు ఒలికినా భయం లేదు. కొత్తదానికి ఆ స్థాయి రక్షణ లేదు.

మరి కొత్తదాంట్లో ఎక్కువేముంది? ముందున్న ఏళ్లు. పాతదానికి కంపెనీ మాట ఇచ్చింది నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఐదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు. ఆ ఐదేళ్లు మొదలయ్యేది మోడల్ మార్కెట్‌కి వచ్చిన 2023 నుంచి. మీరు కొన్న రోజు నుంచి కాదు. ఇవాళ కొంటే మిగిలేది మూడేళ్ల లోపే. కొత్తదానికి కౌంటింగ్ ఇప్పుడే మొదలైంది. జనం చవగ్గా వచ్చిందని పాత మోడల్ కొంటారు, దాని ఆయుష్షులో సగం షాపు అరలోనే అయిపోయిన సంగతి చూడరు. ఐప్యాడ్‌లోనూ ఇదే. ఏడో తరం ఐప్యాడ్ 2019లో వచ్చింది, 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26 దానికి రాలేదు. మొదట్లో కొన్నవాళ్లు ఆరేళ్లు వాడారు. చవక అని చివర్లో సెకండ్ హ్యాండ్‌లో పట్టినవాళ్లకు ఏడాదో, ఏడాదిన్నరో దక్కింది.

కాబట్టి లెక్క ఇలా వేయండి. ధరని మిగిలిన అప్‌డేట్ ఏళ్లతో భాగించండి. ఎస్9 ఎఫ్‌ఈ 24 వేలకు వచ్చి మూడేళ్లు మిగిలితే ఏడాదికి 8 వేలు. 30 వేల ట్యాబ్‌కి ఆరేళ్లు మిగిలితే ఏడాదికి 5 వేలు. మూడేళ్లలో చదువు అయిపోతుంది, ఆ తర్వాత ఎవరు చూడొచ్చారు అంటారా, అయితే తక్కువ ధరే గొప్ప. గేట్ రాసి ఎంటెక్ కూడా చేస్తానంటే ఎక్కువ ఏళ్లు మిగిలినదే గొప్ప. మీ ఇంటి సంగతి మీకే తెలుసు. నా మటుకు నేనైతే సేల్‌లో రెంటి మధ్య తేడా ఐదారు వేల లోపుంటే కొత్తది, అంతకు మించితే పాతది తీసుకుంటాను.

పాతది తీసుకుంటే ఒకటి చూడండి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఒక తెల్ల స్టిక్కర్ ఉంటుంది. ఎమ్మార్పీ పక్కనే తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. చట్టప్రకారం అది ఉండి తీరాలి. రెండేళ్ల కిందటి తేదీ ఉంటే ఆ బ్యాటరీ అన్నాళ్లూ వాడకుండా డబ్బాలో పడి ఉన్నట్టు. అలా పడుకున్న బ్యాటరీ అరిగిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా దిగిపోయి మళ్లీ లేవదు కూడా. సర్వీసింగ్‌కి వచ్చే కొత్త ట్యాబ్‌లలో "చార్జింగ్ ఎక్కట్లేదు" అనే కేసులు కొన్ని ఇవే.

ఆన్‌లైన్‌లో కొన్నా, ముందు ఒకసారి షాపుకెళ్లి చేత్తో రాసి చూడమనండి. కాకినాడలోనే పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూముల్లో డెమో పీసులు పెడతారు. అమ్మాయిని ఒక స్కేలు తీసుకెళ్లమనండి, షాపువాళ్లు నవ్వినా ఫర్వాలేదు. స్కేలు స్క్రీన్ మీద ఏటవాలుగా పెట్టి, దాని వెంట పెన్నుతో బాగా మెల్లగా గీత గీయాలి. మంచి పెన్నయితే గీత తిన్నగా వస్తుంది. నాసిరకం అయితే గీత మెట్లు మెట్లుగా, వణుకుతూ వస్తుంది. స్పీడుగా గీస్తే ఈ లోపం బయటపడదు, సేల్స్‌మన్ ఎప్పుడూ స్పీడుగానే గీసి చూపిస్తాడు. తర్వాత అరచేయి పూర్తిగా స్క్రీన్ మీద ఆనించి రెండు లైన్లు రాయాలి. చేయి ఆనిన చోట గీతలు పడితే, పేజీ జరిగిపోతే, ఆ ట్యాబ్ నోట్స్‌కి పనికిరాదు. ఆఖరికి ఆమె చదివే పుస్తకాల్లో అన్నిటికంటే బరువైన స్కాన్ పీడీఎఫ్‌ని పెన్‌డ్రైవ్‌లోనో, మెయిల్‌లోనో తీసుకెళ్లి అందులో తెరవాలి. నాలుగైదు వందల పేజీల స్కాన్ పుస్తకంలో గబగబా యాభై పేజీలు తిప్పితే పేజీలు తెల్లగా ఆగిపోతున్నాయా, వెంటనే వస్తున్నాయా తెలిసిపోతుంది. 4 జీబీ ర్యామ్ ట్యాబ్‌లు ఇక్కడే చేతులెత్తేస్తాయి. 15 వేల లోపు ట్యాబ్ వద్దని నేను చెప్పేది ఇందుకే. వాటిలో స్టోరేజీ కూడా చాలావరకు ఈఎంఎంసీ అనే నెమ్మది రకం, ఏడాది తిరిగేసరికి ఇంకా మందగిస్తుంది.

మామూలు ఐప్యాడ్ చూస్తే ఇంకో సంగతి కూడా గమనించండి. గ్లాసుకీ కింద స్క్రీన్‌కీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. పెన్ను ఒకచోట, గీత కాస్త లోపల ఉన్నట్టు కనిపిస్తుంది, టక్కుటక్కుమని చప్పుడు కూడా వస్తుంది. కొందరికి అది అసలు పట్టదు, కొందరికి చిరాకు. రిపేరు చేసేవాడిగా నాకది ఇష్టం. పగిలితే చాలాసార్లు పైగ్లాసు ఒక్కటే మార్చితే సరిపోతుంది. అంటుకుని ఉండే రకమైతే డిస్‌ప్లే మొత్తం మార్చాలి.

రిపేరు మాటొచ్చింది కాబట్టి, ఎవరూ వాడని బ్రాండ్ కొనొద్దు. స్పెక్స్ ఎంత ఊరించినా సరే. ఫోన్‌తో పోలిస్తే ట్యాబ్ స్పేర్లు దొరకడం ఎప్పుడూ కష్టమే. బాగా అమ్ముడయ్యే మోడల్‌కే డిస్‌ప్లే తెప్పించడానికి వారం పది రోజులు పడుతుంది, అమ్ముడవని మోడల్‌కి అసలు దొరకదు. దొరికినా ట్యాబ్ ధరలో మూడోవంతు, సగం దాకా అడుగుతారు. హాస్టల్ మంచాల మీద, బ్యాగుల్లో తిరిగే వస్తువు ఇది. మొదటి రోజే గట్టి కేసు వేయించండి.

సేల్ గురించి. కొట్టేసిన ఎమ్మార్పీ పక్కన "45 శాతం తగ్గింపు" అని వేస్తే దాన్ని చూడకండి. ఆ ఎమ్మార్పీకి ఆ వస్తువు ఒక్కరోజు కూడా అమ్ముడై ఉండదు. ధరల చరిత్ర చూపించే సైట్లు ఉన్నాయి, గత ఆరు నెలల్లో అన్నిటికంటే తక్కువ ఎంతకొచ్చిందో అందులో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. సేల్ రోజు ఆ అంకెకి ఐదొందలు అటూ ఇటూగా వస్తే కొనెయ్యండి. ఇంకా తగ్గుతుందేమోనని కూర్చుంటే మీక్కావలసిన రంగు, స్టోరేజీ అయిపోతాయి. సేల్ ధర మొదటి రోజే తీసుకోవాలని లేదు గానీ, బ్యాంక్ కార్డు డిస్కౌంట్‌కి ఒక పరిమితి ఉంటుంది. "10 శాతం తక్షణ తగ్గింపు" అని పెద్దగా రాసి, గరిష్ఠంగా 1,500 అనో, 2,000 అనో కింద చిన్నగా రాస్తారు. ఆ చిన్న అక్షరాలే అసలు ఆఫర్.

నో కాస్ట్ ఈఎంఐ అంటే పూర్తిగా ఉచితం అనుకోవద్దు. వడ్డీని ముందుగానే డిస్కౌంట్ రూపంలో తగ్గిస్తారు, నిజమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ బ్యాంక్ నెలనెలా వేస్తుంది, ప్రాసెసింగ్ ఫీజు విడిగా. 30 వేలకు ఇది కొన్ని వందలే అవుతుంది. ఒక్కసారి కట్టగలిగితే కట్టెయ్యండి, లేదంటే ఆ కొన్ని వందలకు టెన్షన్ పడాల్సిన పనిలేదు. ఒక్కటి చూడండి, ఈఎంఐ తీసుకుంటే బ్యాంక్ డిస్కౌంట్ వస్తుందా, పోతుందా? కొన్ని ఆఫర్లలో రెండూ కలిసి రావు.

యాపిల్ వాళ్లు విద్యార్థులకు ఇచ్చే ఆఫర్ గురించి ఎవరో ఒకరు చెప్తారు. కాలేజీ విద్యార్థికి ధరలో తగ్గింపు ఉండటం నిజం. ఏటా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పెన్సిలో, ఇయర్‌ఫోన్లో ఉచితంగా ఇచ్చిన మాటా నిజం. కానీ 2024లో, 2025లో ఐప్యాడ్లలో ఆ ఉచితం ఎయిర్, ప్రోలకే. ఎయిర్ 59,900 నుంచి మొదలు. మీ బడ్జెట్ ఇప్పుడున్నదానికి రెట్టింపు అయితే అప్పుడు జూన్ దాకా ఆగమనేవాణ్ణి.

సిమ్ పట్టే మోడల్ వద్దు. మామూలు ఐప్యాడ్‌లో వైఫై రకానికీ, సిమ్ రకానికీ తేడా 15 వేలు. అమ్మాయి చేతిలో ఫోన్ ఉంది, హాట్‌స్పాట్ ఉంది. శాంసంగ్‌లో తేడా అంతకంటే తక్కువే, అయినా ఆ డబ్బు స్టోరేజీకో, కేసుకో పెడితే ఉపయోగం. శాంసంగ్ రెంటిలో మెమరీ కార్డు వేసుకోవచ్చు కాబట్టి 128 జీబీ చాలు. ఐప్యాడ్‌లో, షావోమీ ప్యాడ్ 7లో ఆ సదుపాయం లేదు. అక్కడ కూడా 128 నోట్స్‌కి సరిపోతుంది, సినిమాలు నింపనంత వరకు.

సెకండ్ హ్యాండ్ చూద్దామా అని మీరు అడగలేదు కానీ, 30 వేలకు పాత ఐప్యాడ్ ఎయిర్ వస్తుందని ఎవరైనా ఆశపెట్టొచ్చు. పార్క్ లేన్‌లోనూ, అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనూ దొరుకుతాయి, మంచివీ ఉంటాయి. కొనాలంటే అమ్మేవాడు మీ ముందే తన యాపిల్ ఖాతా తీసేసి, మొత్తం చెరిపేసి, మీ అమ్మాయి ఖాతాతో మళ్లీ మొదలుపెట్టి చూపించాలి. అది చేయకుండా "ఇంటికెళ్లాక పాస్‌వర్డ్ పంపిస్తా" అంటే డబ్బులివ్వకుండా లేచి రండి. లాక్ పడిన ఐప్యాడ్ మా దగ్గరికొస్తే మేము చేయగలిగింది ఏమీ ఉండదు, బిల్లు లేకపోతే కంపెనీ కూడా తెరవదు. దూరంగా హాస్టల్లో ఉన్న పిల్లకి ఈ తలనొప్పి ఎందుకన్నది నా అభిప్రాయం.

సేల్‌లో ఎస్10 లైట్ గానీ, బాగా తగ్గితే ఎస్9 ఎఫ్‌ఈ గానీ తీసుకోండి. అమ్మాయికి ఐప్యాడే కావాలని పట్టుదల ఉంటే, 43 వేలు పెట్టగలిగితే అదీ మంచి వస్తువే, ఎక్కువ ఏళ్లు వస్తుంది. 30 వేలలో ఐప్యాడ్ కొని పెన్ను తర్వాత చూద్దాం అనుకోవడం మాత్రం వద్దు. పెన్ను లేని ట్యాబ్ ఆ "తర్వాత" వచ్చేలోపు సినిమాల ట్యాబ్ అయిపోతుంది.

డెలివరీ నేరుగా హాస్టల్‌కి కాకుండా, అక్కడెవరైనా తెలిసినవాళ్లుంటే వాళ్లింటికి పెట్టండి. డబ్బా సీలు తీసేటప్పుడు ఆపకుండా వీడియో తీయమనండి, స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ అందులో కనిపించాలి. చార్జర్ డబ్బాలో ఉందో లేదో ఆర్డర్ చేసేటప్పుడే చూసుకోండి, ఈ మధ్య చాలావాటిలో ఇవ్వడం లేదు. మొదటి రోజే తెల్ల పేజీ ఒకటి, నల్ల పేజీ ఒకటి తెరిచి స్క్రీన్ మీద చుక్కలు, అంచుల్లో వెలుతురు మరకలు ఉన్నాయేమో చూడాలి. వైఫై, స్పీకర్లు, పెన్ను బటన్, చార్జింగ్ అన్నీ ఆ వారంలోనే గట్టిగా వాడి చూడమనండి. లోపముంటే బదులు వేరేది ఇచ్చే గడువు సాధారణంగా ఏడు రోజులే ఉంటుంది, అది దాటితే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి.